మీమూంత్ దరువు

మా కెతామా కొండల్లో చలి ముదిరిందంటే ఊరంతా దరువే. ఇంటింటా తలుపులు మూసేసి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, గంజాయి కొడుతుంటారు. పెద్ద బేసిన్ మీద పల్చటి బట్ట బిగించి, దాని మీద ఎండిన మొక్కలు పరిచి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, చుట్టూ రబ్బరు ట్యూబుతో గట్టిగా కట్టి, రెండు కర్రలతో కొడితే బట్టలోంచి సన్నటి పసుపు పొడి కిందికి దిగుతుంది. ఆ పొడే మాకు బార్లీ పిండి, అదే ఆలివ్ నూనె, అదే పిల్లల చెప్పులు. మా నేలలో ఇంకేదీ పండదని కాదు, పండితే కొనేవాడు రాడు.

నాది టాక్సీ. పాత మెర్సిడెస్, నాకంటే కాస్త చిన్నది, నాలాగే దగ్గుతుంది. ఊరి దారిలో పైకి ఎక్కుతుంటే ఏ ఇంట్లో ఎవరు కొడుతున్నారో అద్దం దించకుండానే చెప్పేస్తాను. షువైబ్ దరువు బరువుగా ఉంటుంది, గాడిద మెట్లెక్కుతున్నట్టు. అతని తమ్ముళ్లది పోటీ దరువు, ఒకడు ముందు పరిగెత్తితే ఇంకొకడు వెనక రొప్పుతుంటాడు. మీమూంత్ వదినది మాత్రం వింటే బండి ఆపుకుని వినాలనిపించేది. గబగబా నడిచి నడిచి, మధ్యలో ఒక్కచోట ఆగేది. ఊపిరి పీల్చేంత ఖాళీ. మళ్లీ మొదలు. ఆ ఖాళీ ఇంకెవరి దరువులోనూ లేదు. కుర్రాళ్లు దాన్ని నేర్చుకోబోయి కర్రలు జారవిడిచేవాళ్లు.

ఆ ఖాళీ ఎలా వచ్చిందో నేను చూశాను. మా దగ్గర కొట్టడం మగవాళ్ల పని. కోత కోసేది, ఎండబెట్టేది, ఆకు వలిచేది, కట్టెలూ నీళ్లూ మోసేది ఆడవాళ్లు. కూర్చుని చేసే పని ఒక్కటే ఉంది, దాన్ని మగవాళ్లు ఉంచుకున్నారు. మీమూంత్ మొగుడు హద్దూ మీద వారెంటు వచ్చింది. అదేం గొప్ప కాదు, మా ఊళ్లో సగంమంది మగాళ్ల మీద ఉంది, అయినా ఊళ్లోనే తిరుగుతుంటారు. హద్దూ మాత్రం సముద్రం ఒడ్డుకు పారిపోయి, అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. వెనక మిగిలింది పాలుతాగే పిల్లాడు, అటక నిండా కొట్టని సరుకు. మీమూంత్ పిల్లాణ్ని శాలువాతో వీపుకి కట్టుకుని, బేసిన్ ముందు కూర్చుంది.

"ఏమే, ఆడదానివి కర్రలు పట్టుకుంటే ఊరు నవ్వదా?" అంది షువైబ్ తల్లి.

"నవ్వితే నవ్వనీ పిన్నీ. నీ కొడుకుని పంపు. వాడు కొడుతుంటే నేను కూర్చుని నవ్వుతా."

షువైబ్ రాలేదు. ఆమే కొట్టింది. కొడుతూ ఉంటే వీపు మీద పిల్లాడు కిందికి జారేవాడు. అప్పుడు ఒక్క క్షణం చేతులు ఆపి, భుజాలు పైకి ఎగరేసి, వాణ్ని సర్దుకునేది. అదే ఆ ఖాళీ. పిల్లాడు పెద్దయ్యాడు, వీపు దిగాడు, కానీ ఖాళీ మాత్రం ఆమె చేతుల్లో ఉండిపోయింది.

పిల్లాడి పేరు జుహైర్. ఆ గదిలో పొడి గాల్లో తేలుతుండేది. వాడి కనురెప్పల మీద పసుపు అద్దినట్టు ఉండేది. మత్తుగా నిద్రపోయేవాడు. ఎంత బుద్ధిమంతుడో, ఏడుపన్నదే లేదు అని అమ్మలక్కలు మురిసిపోయేవాళ్లు. మా పిల్లలంతా అలాగే పెరిగారు, నేనూ అలాగే పెరిగాను, అందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు.

పెద్దయ్యాక వాడు చురుకైన కుర్రాడయ్యాడు. నా టాక్సీ ముందు సీట్లో కూర్చుని, దిగిపోయిన ప్రయాణికుల్ని అచ్చం వాళ్ల గొంతుతోనే అనుకరించేవాడు. నేను స్టీరింగ్ వదిలేసి నవ్విన రోజులున్నాయి. బడి వెనక కుర్రాళ్లతో కలిసి పొగా తాగేవాడు. మా ఊళ్లో మీసం కంటే ముందు పొగ వస్తుంది. అప్పటికే సముద్రం అవతలి నుంచి కొత్త విత్తనం వచ్చింది, నీళ్లు ఆవు తాగినట్టు తాగే మొక్క, ఘాటు చెప్పనక్కర్లేదు. కుర్రాళ్లకి అదే కావాలి.

ఒక చలికాలం జుహైర్ తల్లితో అన్నాడు:

"అమ్మా, ఈ చప్పుడు నన్ను నిద్రపోనివ్వట్లేదే."

"ఎవణ్ని పోనిస్తోందిరా? చెవుల్లో దూది పెట్టుకో."

ఇదొక్కటి అర్థం చేసుకుంటే చాలు, మిగతాదంతా తెలిసిపోతుంది. ఇంకే ఊళ్లోనైనా ఒక కుర్రాడు నాకు దరువు వినిపిస్తోంది అంటే జనం వాడి మొహంలోకి చూస్తారు. మా ఊళ్లో 'నాకూ వినిపిస్తోంది' అంటారు. వాడిలో అది ఎప్పుడు మొదలైందో, పొగతో మొదలైందో, పొగ కంటే ముందే ఉందో, ఎవరం కనిపెట్టలేకపోయాం. మా దరువులో వాడి దరువు కలిసిపోయింది.

వసంతం వచ్చింది. కర్రలు చూరులో దోపేశారు, బేసిన్లు గోడలకెక్కాయి, అందరూ దుక్కులు దున్నుతున్నారు. అప్పుడూ జుహైర్ "ఎవరో కొడుతున్నారమ్మా" అంటూనే ఉన్నాడు. మీమూంత్ నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? మా దగ్గర కొందరు సరుకు దాచుకుని, ధర పెరిగాక దొంగచాటుగా కొట్టి అమ్ముతారు. అందరి సరుకూ అమ్ముడైందని దళారీతో చెప్పుకున్న ఊళ్లో అలా చేస్తే ద్రోహం కింద లెక్క. ఆవిడ సరాసరి షువైబ్ ఇంటి మీదికి వెళ్లింది.

"ఏం షువైబ్, సరుకు దాచి చాటుగా కొడుతున్నావట?"

"ఎవడన్నాడు?"

"మా వాడు విన్నాడు."

"మీ వాడి చెవులకి తెత్వాన్ పట్నంలో రేడియో కూడా వినిపిస్తుందేమో అడుగు. నా దగ్గర సరుకే ఉంటే నా పెళ్లాం నన్నిన్ని తిట్లు తిడుతుందా?"

ఆ ఎండాకాలమంతా ఊరు ఒకరినొకరు అనుమానించుకుంది. పక్కవాళ్ల గోడకి చెవి ఆనించి విన్నవాళ్లున్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు. వినపడకపోయేసరికి దొంగ మహా జాణ అనుకున్నారు తప్ప, జుహైర్ వంక ఒక్కడూ చూడలేదు. ఇంతమంది బుర్రలున్న ఊరు మాది.

కోతలకి ముందు ఒక మిట్టమధ్యాహ్నం, జుహైర్ కత్తి పట్టుకుని షువైబ్ ఇంట్లోకి వెళ్లి, గోడకున్న బేసిన్లు కిందపడేసి, వాటి బట్టలన్నీ నిలువునా చీల్చాడు. "ఆపండి! ఇంక ఆపండి!" అని అరుపులు. ఆ బేసిన్లకి సాలెగూళ్లు పట్టి ఉన్నాయి. అడ్డం వెళ్లిన షువైబ్ అరచెయ్యి తెగింది. మేం నలుగురం పట్టుకుంటే గానీ వాడు ఆగలేదు. పట్టుకున్నాక నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. "అయిస్సా బాబాయ్, నీకు వినపడట్లేదా? నిజం చెప్పు, నీకు వినపడట్లేదా?" అని అడిగాడు.

మర్నాటి నుంచి టీ దుకాణంలో ఇదే పంచాయితీ. అల్లాల్ తాత పొడుగాటి పొగగొట్టం దులిపి, మళ్లీ నింపుకుంటూ తీర్పు చెప్పాడు.

"నేను తాగుతున్నది మీ నాన్నలు పుట్టకముందు నుంచి. నాకు పిచ్చా? చెప్పండి, నాకు పిచ్చా?"

"నీకు పిచ్చి లేదు తాతా, మాకే పడుతోంది, నీ సోది విని."

"నవ్వండి నవ్వండి. తప్పు కీఫ్ పొగది కాదు. మన పాత విత్తనం తల్లిపాలు. ఈ కొత్త విత్తనం ఉందే, అదిరా బుర్రలు తినేది."

షువైబ్ కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ జిన్ పట్టిందన్నాడు. కుర్రాళ్లు, మేమూ అదే తాగుతున్నాం, మాకేం రాలేదే అన్నారు. ఒకడేమో అమ్మాయి వ్యవహారం అన్నాడు, ఎవరా అమ్మాయి అంటే వాడికీ తెలీదు. వాళ్ల కబుర్లు వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. అటు ఇంట్లో ఒక తల్లి కొడుకు చేతులు పట్టుకుని కూర్చుని ఉంటే, ఇటు వీళ్లు విత్తనాల పంచాయితీ పెట్టారు.

మసీదులో పిల్లలకు ఖురాన్ చెప్పే ఫఖీ తాయెత్తు రాసి ఇచ్చాడు. పని చెయ్యకపోయేసరికి కొండ అవతలి దర్గాకి తీసుకెళ్లమన్నాడు. అక్కడ పిచ్చివాళ్లని గొలుసుతో కట్టేస్తారు, ఆ సమాధిలోని వలీ కలలోకి వచ్చి పొమ్మనేదాకా.

"వాణ్ని కట్టింది ఒక్కసారే, నా వీపుకి," అంది మీమూంత్. "ఇంకెవరూ కట్టక్కర్లేదు. అయిస్సా, బండి తియ్యి."

తెత్వాన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ చిన్నది, కళ్ల కింద నలుపు, మాట మెత్తన.

"పొగ తాగుతాడా?"

మీమూంత్ నా వైపు చూసింది. మా వాళ్లకి తెల్ల కోటైనా ఖాకీ చొక్కా అయినా ఒకటే, ఏం అడిగినా లేదనడం అలవాటు.

"లేదమ్మా."

జుహైర్ నవ్వాడు. "తాగుతానండీ. తాగితేనే అది కాస్త దూరం పోతుంది. తర్వాత ఇంకా దగ్గరికొస్తుందనుకోండి."

"చప్పుడు ముందు వచ్చిందా, పొగ ముందు మొదలుపెట్టావా? బాగా గుర్తు తెచ్చుకో. అది తెలిస్తే నాకు చాలా తెలుస్తుంది."

జుహైర్ తల్లి వంక చూశాడు. తల్లి నా వంక చూసింది. నేను గోడ మీది గడియారం వంక చూశాను. మా ముగ్గురికీ తెలీదు. చలికాలం దరువు ఉంటుందమ్మా, ఎప్పుడూ ఉంటుంది అని మాత్రం చెప్పగలిగాం.

ఆమె మాత్రలు రాసింది. ఆ మొక్క గాలి కూడా సోకకుండా చూసుకోమంది.

"అయితే వీణ్ని చంద్రుడి మీద పెట్టాలి తల్లీ," అంది మీమూంత్.

ఆ ఏడాది ఆమె కర్రలు ముట్టుకోలేదు. పంటంతా షువైబ్‌కి సగపాలుకి ఇచ్చేసి, ఇల్లు కడిగింది. గోడలు, అటక, దుప్పట్లు, ఆఖరికి మేకని కూడా కడిగింది. పొడి వాసన పోతే చాలనుకుంది. కానీ మాత్రలు జుహైర్ దిండులో దాచేవాడు. పొగ ఎవడో ఒకడు ఇస్తూనే ఉన్నాడు, మా ఊళ్లో అడిగితే మంచినీళ్లు లేవంటారేమో గానీ పొగ లేదనరు. చలికాలం వచ్చింది. ఊరంతా తలుపులు మూసుకుని మొదలుపెట్టింది.

జుహైర్ అన్నం మానేశాడు. గోడ వైపు తిరిగి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఇనుప ఊచతో తన చెవి పొడుచుకున్నాడు. రక్తం ఆగలేదు. ఆ సాయంత్రం మీమూంత్ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. నేను వెంట వెళ్లాను, ఒక్కత్తినే పంపడానికి మనసొప్పక.

"ఒక్క వారం కొట్టకండి," అని అడిగేది. "వాడు నిశ్శబ్దం అంటే ఏమిటో మర్చిపోయాడు. ఒక్కసారి నిశ్శబ్దం వింటే, బయట ఏమీ లేదని వాడికే తెలుస్తుంది. మిగతాది నేను చూసుకుంటా. ఒక్క వారం."

జాలిపడ్డారు. టీ పోశారు. ఒకావిడ మీమూంత్‌తో కలిసి ఏడ్చింది కూడా. మేం గుమ్మం దాటగానే లోపల దరువు మొదలయ్యేది. చలి పోతే పొడి సగం కూడా రాలదు, ఎండ పడితే మిగతాది జిగురై బట్టకి అతుక్కుపోతుంది. వాళ్ల తప్పేముంది అనుకుందామన్నా ఆ రోజు నా వల్ల కాలేదు. ఒక్కొక్కరినీ తిట్టుకుంటూ నడిచాను.

షువైబ్ మాత్రం మొహం చాటెయ్యలేదు. తెగిన చెయ్యి చూపించాడు.

"నీ కొడుకు నా చెయ్యి కోశాడు. నేను పోలీసుల దగ్గరికి వెళ్లానా? లేదు కదా. నేను చెయ్యగలిగింది అది. కొట్టడం ఆపమంటే ఎలా? ఈ పిల్లలకి ఏం పెట్టను, నీ కన్నీళ్లా?"

"నీ కాళ్లు పట్టుకుంటా షువైబ్."

"పట్టుకోకు. పట్టుకుంటే ఆపేస్తాను. ఆపేసి, ఎండాకాలంలో నీ ఇంటికే తిండికొస్తాను, అప్పుడు నువ్వేం పెడతావ్?" అని గుడ్లనీళ్లు కుక్కుకున్నాడు.

మీమూంత్ వాడి కాళ్లు పట్టుకోలేదు. ఇంటికి వచ్చి, కొడుకు చెవులకి తన శాలువా చుట్టి, పైనుంచి రెండు చేతులతో నొక్కి పట్టుకుని కూర్చుంది. అలా ఎన్ని రోజులు కూర్చుందో ఆమెకే తెలియాలి.

ఆ మంచులోనే అల్లాల్ తాత పోయాడు. నిద్రలోనే పోయాడు, గొట్టం పక్కనే ఉంది, బుర్ర చివరిదాకా చెక్కుచెదరలేదు. ఊళ్లో మరణం జరిగితే మూడోనాటి భోజనాలు అయ్యేదాకా ఎవరూ కర్ర ముట్టరు. అది మా తాతల నాటి కట్టు. దాని ముందు షువైబూ లేదు, దళారీ లేదు. ఖననం అయ్యి అందరం కొండ దిగేసరికి ఊరు మూగబోయింది. వాగు చప్పుడు వినిపించింది. అది అంత దగ్గరుందని నేను మర్చిపోయాను.

చావింట్లో మీమూంత్ మొహం చూసి నాకు భయం వేసింది. వెలిగిపోతోంది. ముసలాయన శవం లేచిన ఇంట్లో ఆమె కళ్లు పండగలా ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"దేవుడు ఇచ్చాడు అయిస్సా. ఊరు ఇవ్వంది దేవుడే ఇచ్చాడు. రా, పద."

జుహైర్‌ని డాబా మీదికి తీసుకొచ్చాం. మధ్యాహ్నపు ఎండ, మంచు మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. నీళ్ల డ్రమ్ము పక్కన వాణ్ని కూర్చోబెట్టి, చెవులకి చుట్టిన శాలువా మెల్లగా విప్పింది. తను ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది.

"విను నాన్నా. జాగ్రత్తగా విను. ఎవరూ కొట్టట్లేదు. అల్లాల్ తాత పోయాడు, ఊళ్లో ఒక్క కర్ర కదలట్లేదు. విను. కుక్క మొరిగింది చూడు. అదిగో వాగు. ఇంకేమైనా ఉందా? ఏమీ లేదు కదా?"

వాడు విన్నాడు. తల ఒక పక్కకి వంచి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. వాడి నొసలు మెల్లగా తేటపడింది. నేను లోపల అల్లాహ్ పేరు పలుకుతున్నాను.

"ఇప్పుడు బాగా వినిపిస్తోందమ్మా," అన్నాడు. "ఇన్నాళ్లూ వీళ్లంతా అడ్డం."

"ఎవరు... ఎవరు కొడుతున్నారు రా?"

వాడు కళ్లు తెరిచి ఆమె వంక ఆశ్చర్యంగా చూశాడు. కోపం లేదు, ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో అర్థం కానట్టు చూశాడు.

"నీకు తెలీదా?"

పక్కనున్న నీళ్ల డ్రమ్ము మీద రెండు వేళ్లతో కొట్టి చూపించాడు. గబగబా నడిచి నడిచి, ఒక్కచోట ఆగింది. ఊపిరి పీల్చేంత ఖాళీ. మళ్లీ మొదలు. వాడి చిన్నప్పటి నుంచీ వింటున్నవాణ్ని, నేను పొరబడను.

"ఇదిగో ఇక్కడ," అన్నాడు ఆ ఖాళీ దగ్గర వేళ్లు గాల్లో ఆపి. "ఇక్కడ నన్ను పిలుస్తావు. ప్రతిసారీ పిలుస్తావు. నేను పలుకుతాను. నువ్వేమీ చెప్పవు, మళ్లీ కొడతావు. ఎందుకు పిలుస్తావమ్మా? ఎప్పుడు ఆపుతావు?"

మీమూంత్ తన చేతులు చూసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది. ఏడవలేదు. ఏడిస్తే నేను పట్టుకునేవాణ్ని. చేతులు రెండూ చంకల కింద దాచుకుని, గొంతు పైకి రాకుండా, "అయిస్సా, బండి తియ్యి" అంది.

తెత్వాన్ దాకా వాడు ముందు సీట్లో, ఆమె వెనక. అద్దంలో చూస్తే చేతుల మీద కూర్చుని ఉంది, రెండు అరచేతులూ తొడల కింద నొక్కిపెట్టుకుని. గుంతల్లో బండి ఎగిరినా చేతులు బయటికి తీసి పట్టుకోలేదు, తల వెళ్లి కిటికీకి కొట్టుకుంది.

ఈసారి డాక్టరమ్మకి అన్నీ చెప్పేసింది. హద్దూ వారెంటు, అటక, బేసిన్, వీపు మీది పిల్లాడు, కనురెప్పల మీది పొడి. పోలీసులకి చెప్పకూడనివన్నీ చెప్పింది. చెప్పి అడిగింది.

"నా పొడి వల్లే కదా? చెప్పమ్మా. ఉయ్యాల్లో ఉండాల్సినవాడు అది పీల్చాడు. నేనే కదా?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"పసితనంలో పీల్చిన పొడి వల్ల ఇది వస్తుందని ఎవరూ రుజువు చెయ్యలేదమ్మా. రాదనీ చెయ్యలేదు. కుర్రతనంలో ఘాటైనది రోజూ తాగేవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ చూస్తున్నాం. కానీ తాగిన అందరికీ రావట్లేదు. కొందరికి జబ్బు ముందు మొదలై, ఆ బాధకి తాగుతారు. కొందరికి రక్తంలోనే ఉంటుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"వీళ్ల నాన్న మేనత్త ఒకావిడ గోడలతో మాట్లాడేది."

"అదీ కావచ్చు."

మీమూంత్ బల్ల మీద అరచెయ్యి వెయ్యబోయి, చప్పుడవుతుందని ఆపుకుంది.

"కావచ్చు, కావచ్చు! ఏదో ఒకటి చెప్పు తల్లీ. నేనే చేశానని చెప్పు, కొండ మీంచి దూకి చస్తాను. చెయ్యలేదని చెప్పు, ఇంటికెళ్లి వాడికి వండి పెట్టుకుంటాను. అటూ కాకుండా ఇటూ కాకుండా ఎలా బతకమంటావు నన్ను?"

"నాకు తెలీదమ్మా," అంది డాక్టరమ్మ. "తెలిస్తే దాచను. కుర్రాణ్ని కొన్నాళ్లు ఇక్కడే ఉంచండి. మందు పని చేస్తుంది. అది మాత్రం చెప్పగలను."

ఆ పిల్ల మీద నాకు పీకలదాకా కోపం వచ్చింది. ఇంత చదివి ఒక్క ముక్క చెప్పలేవా అనుకున్నాను. తిరిగి వస్తూ కొండ ఎక్కుతుంటే ఆ కోపం కాస్త దిగింది. నీ తప్పేం లేదమ్మా అని ఒక అబద్ధం చెప్పి పంపెయ్యడం ఆమెకి క్షణం పని. చెప్పలేదు. అది మంచో చెడో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు.

మీమూంత్ మళ్లీ ఊరికి రాలేదు. ఇల్లూ పొలం షువైబ్ చూస్తున్నాడు. మేకని నేను అమ్మిపెట్టాను. తెత్వాన్‌లో వీధి మొత్తానికీ రొట్టెలు కాల్చే ఒక పొయ్యి వెనక గది తీసుకుని, అక్కడే పిండి కలిపే పనిలో చేరింది. ఆ పనిలో ఆడవాళ్లు పిండిముద్దల్ని బల్ల మీద చరుస్తూ, అరచేతుల మధ్య తట్టుతూ, పాటలు పాడుతూ చేస్తారు. మీమూంత్ చరచదు, తట్టదు. పిడికిళ్లతో నొక్కుతుంది, అరచేత్తో సాగదీస్తుంది, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పళ్లెంలో పెడుతుంది. మీ కొండోళ్లకి రొట్టెని చూసినా భయమేనా అని మిగతా ఆడవాళ్లు ఆటపట్టిస్తుంటారు. ఆమె నవ్వి ఊరుకుంటుంది. కెతామా కొండల్లో అంత గొప్ప దరువు కొట్టిన మనిషని వాళ్లకి ఎవరు చెబుతారు? నేను చెప్పలేదు.

జుహైర్ ఆసుపత్రి నుంచి వచ్చాడు. సూది మందు వేస్తున్నారు. లావయ్యాడు, నడక నెమ్మదించింది, పొగ మానేశాడు, లేదా మానేశానంటాడు. పొద్దున పూట బజార్లో పుదీనా కట్టలు అమ్ముతాడు. ఎవరినీ అనుకరించడు. మొన్న అత్తిపండ్లు తీసుకుని వెళితే నన్ను గుర్తుపట్టి, బాబాయ్ బండి ఇంకా దగ్గుతోందా అని అడిగాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ముగ్గురం గుమ్మంలో కూర్చుని వేడి రొట్టె, నూనెలో ముంచుకుని తింటున్నాం. మీమూంత్ చేతులు ఒళ్లో ఉన్నాయి, ఖాళీగా, వేళ్ల సందుల్లో పిండి ఎండిపోయి ఉంది. వీధిలో ఏ చప్పుడూ లేదు. జుహైర్ తింటూ తింటూ ఆగి, తల ఒక పక్కకి వంచాడు. విన్నాడు. తర్వాత చాలా మర్యాదగా, అలిసిపోయిన మనిషికి చెప్పినట్టు, తల్లితో అన్నాడు:

"ఇవాళ్టికి చాల్లేమ్మా. ఆపు."

నేను నోరు తెరవబోయాను. ఆమె కళ్లతోనే నన్ను ఆపింది.

"ఆపేశాను నాన్నా," అంది. "ఇదిగో, ఆపేశాను. నువ్వు తిను."

వాడు తల ఊపి మళ్లీ తినడం మొదలుపెట్టాడు. కదలకుండా కూర్చుని వాణ్నే చూస్తున్న మీమూంత్, వీపు మీద ఏదో కిందికి జారుతున్నట్టు, ఒక్కసారి భుజాలు పైకి ఎగరేసి సర్దుకుంది.